పనసకి కట్టిన మొలతాడు

నాకు ఎనభై రెండు పనసలు వచ్చు. గొప్ప చెప్పుకోవడం కాదు, మా పలివెలలో ఎవరినడిగినా చెబుతారు. మేం వేదం భాగాల్ని పనసలంటాం. నిద్రలో లేపి అడిగినా మొదటినించి చివరిదాకా స్వరం తప్పకుండా అప్పజెప్పగలను. మా దొడ్లో ఉన్న పనస సంగతి మాత్రం నాకు ఒక్క ముక్క తెలిసేది కాదు. మా ఆవిడ దాన్ని ఎనభై మూడో పనస అనేది. "అది మీకు నోటికి రాదు లెండి" అని ఎగతాళి చేసేది. రాలేదు మరి. దాన్ని తాటిచెట్లెక్కే నూకయ్య దగ్గర చెప్పించుకోవలసి వచ్చింది.

మా ఆవిడ పేరు మీనాక్షి. నాకు ముక్కుమీద కోపం, ఆవిడకి మూతిమీద నవ్వు. ఇంతకంటే మా కాపరం గురించి చెప్పడానికేం లేదు. పెళ్లైన పన్నెండేళ్లకి ఆడపిల్ల పుట్టింది. కనకమహాలక్ష్మి అని పెట్టేం. పిల్లకన్నా పేరు పొడుగైపోయిందని కనకం అనుకున్నాం. బారసాల నాడు చుట్టాలకి పనసతొనలు పంచిపెడితే, అందులో ఒక గింజ తీసి మా ఆవిడ దొడ్లో పాతింది. "ఇద్దరూ కలిసి పెరుగుతారు" అంది.

పెరిగేరు కూడాను. నడకొచ్చాక కనకం చిన్న చెంబుతో నీళ్లు తీసుకెళ్లి మొక్క మొదట్లో సగం, తన కాళ్లమీద సగం పోసుకునేది. ఒంటిమీద వెండి మొలతాడు తప్ప గుడ్డ నిలిచేది కాదు. మూడేళ్లు నిండకుండానే గొంతు వాచింది. నాలుగు రోజులు. నేను వైద్యుడి మీద అరిచేను, వైద్యుడు దేవుడి మీద పెట్టేడు. అయిదో రోజు పొద్దున్న పిల్ల పోయింది.

అంత చిన్నపిల్లకి దహనం లేదు, తద్దినం లేదు. ఊళ్లో అందరి తాతలకీ ముత్తాతలకీ తద్దినాలు పెట్టించేవాణ్ణి. నా పిల్లకి చెప్పడానికి ఒక్క మంత్రం లేదు. ఎనభై రెండు పనసల్లోనూ వెతుక్కున్నాను, లేదు. గోతిలో పెట్టేముందు ఎవరో పెద్దాయన మొలతాడు విప్పి నా చేతిలో పెట్టేడు. అది తీసుకొచ్చి మా ఆవిడకిచ్చేను. పది పదిహేను రోజులు పోయాక చూద్దును కదా, అది పనసమొక్క నడుముకి మూడు చుట్లు చుట్టి ఉంది.

నాకు కోపం రాని సందర్భాలు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు, అందులో అదొకటి.

పిల్లలు పెరిగినకొద్దీ మొలతాడు వదులు చేస్తాం కదా, ఆవిడా అలాగే చేసింది. మాను లావెక్కి తాడు బిగిసినట్టు కనిపిస్తే ఒక చుట్టు విప్పి, కొక్కెం మళ్లీ తగిలించేది. మూడు చుట్లు రెండయ్యేయి. రెండు ఒకటయింది. ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లు మా కాలవలోకి వచ్చిన ఏడు, ఒకరోజు దొడ్లోంచి నన్ను పిలిచింది. వెళితే, చెట్టు మొదట్లో కూచుని రెండు చేతులూ దానిచుట్టూ వేసి ఉంది.

"ఇదిగో చూడండి, ఇంతే ఉండేది" అంది.

నేనూ కూచుని చెయ్యి వేసేను. నిజంగా అంతే. ఎత్తుకున్నప్పుడు నా మోచేతిలో ఇమిడే కనకం నడుము సరిగ్గా అంతే ఉండేది. ఇద్దరం చాలాసేపు అలాగే ఉండిపోయేం. ఆ పూట వంట ఆలస్యమైంది.

"ఇంక చుట్లు లేవు. తీసేద్దామా?" అన్నాను లేస్తూ.

"మొలతాడు ఒంటిమీంచి పూర్తిగా తీసేది ఎప్పుడో మీకు తెలీదా?" అంది.

తెలుసు. మనిషి పోయినప్పుడే తీస్తాం. కనకానికి ఒకసారి తీసేరు, రెండోసారి తన చేత్తో తియ్యనని దాని అర్థం. మా ఇద్దరి పొరపాటూ అక్కడే ఉంది. పిల్లని చెట్టులో చూసుకున్నాం, చెట్టుని మాత్రం చూడలేదు. పోయిన పిల్ల నడుము పెరగదు. చెట్టు నడుము పెరుగుతుంది.

ఏడాది తిరిగేసరికి తాడు బెరడులోకి దిగింది. ఆ పై ఏడు వెండి కనిపించడమే మానేసింది. బెరడు దానిమీద పెదవిలా మూసుకుంది. తాడుకి పైభాగం ఉబ్బి, కిందిభాగం సన్నంగా ఉండిపోయింది. పిల్లకి బొజ్జ వచ్చిందని మా ఆవిడ మురిసింది.

ఆ వేసంగిలో చెట్టు కాసింది చూడండి, అలాంటి కాపు నేను పుట్టి ఎరగను. పద్దెనిమిది కాయలు. అన్నీ తాడుకి పైనే, కింద ఒక్కటీ లేదు. తొన నోట్లో వేసుకుంటే తేనె ఎందుకూ పనికిరాదు. ఊరంతా తిన్నారు. "కనకం కాయించింది" అన్నారు. మా ఆవిడ చేతికి ఆముదం రాసుకుని కాయ తరవాత కాయ కోసి పంచుతూ, పదేళ్ల తరవాత మళ్లీ పాత నవ్వు నవ్వింది. నేను కూడా నమ్మేను. తద్దినం లేని పిల్ల తనంతట తనే మమ్మల్ని తలుచుకుందనుకున్నాను.

మరుసటి వైశాఖానికి ఆకు పసుపెక్కింది. కొత్త చిగుళ్లు వేలెడంతై ఆగిపోయేయి. కొమ్మల చివర్లు ఎండుతున్నాయి. మా ఆవిడ మడి నీళ్లూ మామూలు నీళ్లూ తేడా లేకుండా కాలవనించి బిందెలు మొయ్యడం మొదలుపెట్టింది. పొద్దున్న ఇరవై, సాయంత్రం ఇరవై. మొదలంతా బురదైంది గాని ఆకు మాత్రం మారలేదు. ఆవిడ నడుం పడిపోయింది. నేను మొయ్యబోతే, "మీరు పనసలు చదువుకోండి" అంది.

అలాంటప్పుడు కొబ్బరికాయలు దింపడానికి నూకయ్య వచ్చేడు. మా పెరటి గుమ్మంలోంచి వచ్చి, కాయలు దింపి, అరుగు కింద పోగేసి వెళ్లిపోవడం అతని పని. మిగతా రోజుల్లో తాడిచెట్లు గీసి కల్లు దింపుతాడు. ఆ మాట మా వీధిలో ఎవరూ పైకి అనరు. ఆరోజు చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని పనస దగ్గర ఆగిపోయేడు. చుట్టూ తిరిగేడు. ఉబ్బిన చోట అరచేత్తో తట్టేడు.

"అయ్యగారండీ, దీని పీకకి ఏటి కట్టేరండీ?" అన్నాడు.

"పీక కాదు, నడుం. పిల్ల మొలతాడు" అన్నాను.

"ఆయ్" అన్నాడు. తరవాత గొంతు తగ్గించేడు. "ఇది ఆకలితో సచ్చిపోతందండి."

నాకు చర్రుమంది. "ఆకలేవిటోయ్! మా ఆవిడ రోజుకి నలభై బిందెలు పోస్తోంది!"

"నీళ్లేనండీ అవి. ఆకలేసినోడికి మంచినీళ్లిస్తే ఏటవుద్ది? నీళ్లు మట్టిలోని ఏరు లాగుద్ది, మాను లోపల కర్రలోంచి పైకెక్కుద్ది. దానికి ఏ అడ్డూ లేదండి. అందుకే ఆకు ఇన్నాళ్లు పచ్చగుంది. ఆకు ఎండలో కూకుని వంట వండుద్దండి. వండిన తీపి పైనించి కిందకి దిగాలి. అది కర్రలోంచి దిగదు, తోలు కిందనించి దిగుద్ది. అక్కడే మీరు తాడు బిగించేరు."

"కిందకి దిగడం ఎందుకు?"

"ఏరు తినాలి కదండీ. ఏరు చీకట్లో ఉంటాది, వంట చేసుకోలేదు. ఆకు పెడితేనే తింటాది. కిందటేడు కాపు బాగా కాసిందన్నారు చూడండి, అది ఇదేనండి. దిగాల్సిన తీపంతా తాడు పైన ఆగిపోయి కాయల్లోకి ఎక్కేసింది. ఏరు పస్తు."

చదువుకున్నవాణ్ణి, అంత తేలిగ్గా ఒప్పుకుంటానా? "నువ్వు తాడిచెట్టుకి రోజూ మోకు బిగిస్తావు, మెట్లకి గాట్లు పెడతావు. అది చావదేం?" అన్నాను. ఇంక వీడి పని అయిపోయిందనుకున్నాను.

నూకయ్య నవ్వలేదు. కింద పడున్న కొబ్బరి మట్ట తీసి విరిచి, లోపలి పీచు నాకు చూపించేడు. "తాడికీ కొబ్బరికీ నరాలు ఒళ్లంతా ఉంటాయండి. ఒకచోట కోస్తే ఇంకోచోట నించి దిగుద్ది. పనసకీ మావిడికీ అలా కాదు, తోలు కిందే అంతా. నేను ఎలా సెప్తన్నానంటే... మీ ముందు అనకూడదు గాని, కల్లులో నీళ్లు ఏరువి, తీపి ఆకుది. మట్టలు ఎక్కువ కొట్టేస్తే కల్లు పల్సనైపోద్దండి. ముప్పై ఏళ్లు నాలిక మీద ఏసుకుని సూసిన సంగతి."

ముప్పై ఏళ్లు నేను కూడా నాలిక మీద వేసుకున్నాను, పనసల్ని. నా నాలిక్కి ఇది తెలియలేదు.

"తాడు తీసేస్తే బతుకుతుందా?"

"సెప్పలేనండి. ఉత్తరం పక్క బెత్తెడు మేర తోలు ఇంకా సచ్చిపోలేదు. వానలు పడగానే తీసేస్తే అతుక్కోవచ్చు. తియ్యకపోతే మాత్రం సంక్రాంతి సూడదు."

ఇది మా ఆవిడకి నేను చెప్పాలి. తొమ్మిది రోజులు చెప్పలేదు. సభల్లో పండితుల్ని నిలదీసిన మొగాణ్ణి, వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లడం, మంచినీళ్లు అడిగి తాగి వచ్చెయ్యడం. అంత మంచినీళ్లు నా జన్మలో తాగలేదు. పదోరోజు ఆవిడే, "మీకు ఒంట్లో బాగాలేదా?" అని అడిగితే అంతా ఒక్కసారి కక్కేశాను. తాడు, తోలు, ఆకు వంట, వేరు పస్తు, అన్నీ. నిరుడు కాసింది దీవెన కాదు, జబ్బు అని కూడా అనేశాను. ఆ ఒక్కటీ అనకుండా ఉండవలసింది.

ఆవిడ మొహం తెల్లబోయింది.

"నా తల్లి కాయించిన కాయలు జబ్బా? ఎవరు చెప్పేరు మీకు, కల్లు గీసేవాడా? నా పిల్ల ఒంటిమీది తాడు గురించి వాడితో మాట్లాడేరా?"

"మీనాక్షీ..."

"నేను తియ్యను. మీరు తియ్యడానికి వీల్లేదు."

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. వేళకి వడ్డించేది, వేళకి విస్తరి తీసేది. నేను పప్పులో ఉప్పు లేదని కూడా అనలేదు. ఉప్పు నిజంగానే లేదు.

మూడోరోజు మధ్యాహ్నం వెనక అరుగుమీద కూచుంటే పెరట్లో ఆవిడ కనిపించింది. పనస ముందు మోకాళ్లమీద కూచుని ఉంది. తాడుకి పైన గోటితో బెరడు గిల్లింది. తెల్లటి పాలు బొట్టుగా ఉబికి, జారి, ఉబ్బిన పెదవి మీద ఆగింది. తాడుకి కింద గిల్లింది. ఏమీ రాలేదు. ఇంకోచోట గిల్లింది. పొడిగా ఉంది. చుట్టూ తిరిగి అయిదారు చోట్ల గిల్లింది. నేను లేచి వెళ్లేను. నా వైపు తిరగలేదు.

"ఆఖరి రోజున గసగసాల పాయసం కాచేను, జ్ఞాపకముందా మీకు?" అంది. "పంచదార ఎక్కువ వేసి. ఒక్క గుక్కైనా దిగుతుందని. గిన్నెలో వెచ్చగానే ఉంది. నోట్లో పోస్తే పెదవి చివరనించి కారిపోయింది. తీపి అక్కడే ఉంది. గొంతు దిగలేదు."

నాకు జ్ఞాపకముంది. పదేళ్లుగా ఇద్దరికీ జ్ఞాపకమే, ఎవరూ అనలేదు.

"అప్పుడు మనం చెయ్యగలిగింది లేదు" అంది. "ఇప్పుడు బిగించింది నేనే కదండీ. నూకయ్యని పిలవండి."

ఆషాఢం మొదటి వాన పడ్డ మర్నాడు నూకయ్య వచ్చేడు. గీతకత్తి నూరి తెచ్చేడు. చెట్టు దగ్గరికి వెళ్లి వంగబోతుంటే మా ఆవిడ ఆపింది.

"పిల్ల మొలతాడు వదులు చేసేది తల్లి, నూకయ్యా. కత్తి ఇటివ్వు."

నూకయ్య గాభరాపడిపోయేడు. "అమ్మగారండీ, ఇది కల్లు కత్తండి. మీరు ముట్టుకోకూడదు." నా వైపు చూసేడు. నేను చూపు తిప్పుకున్నాను. ఆవిడ మడికట్టుకుని ఉంది. వీధి గుమ్మం తలుపు తీసి ఉంది. ఎదురింటివాళ్లు చూస్తే ఏమంటారో నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. నూకయ్య కత్తి గట్టుమీద పెట్టి నాలుగడుగులు వెనక్కి వేసేడు. ఆవిడ తీసుకుంది.

"ఎలా కొయ్యాలో చెప్పు."

"నిలువుగా కొయ్యండమ్మా. అడ్డంగా ఒద్దు, అడ్డం కోత చెట్టుకి చావు. పైనించి కిందకి, తాడు తగిలేదాకా. ఆయ్, అలాగే. అక్కడ ఆపండి."

నాలుగుచోట్ల నిలువుగా చీల్చింది. కత్తిమొనతో బెరడు ఎత్తితే నల్లబడ్డ వెండి కనిపించింది. తాడు ఒకేసారి రాలేదు. వేలెడు, రెండు వేళ్లు, ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఒక్కో ముక్కా తీసి కొంగులో వేసుకుంటూ ఏడవకుండా పని చేసింది. ఉత్తరం పక్కన మాత్రం జానెడు తాడు కర్రలోకి పూర్తిగా దిగిపోయింది. ఎంత లాగినా రాలేదు.

"అది వదిలెయ్యండమ్మా. మాను మింగేసింది. అది ఇంక దానిదే. పైన తోలు అతుక్కుంటే చాలు."

పుట్టమన్నూ పేడా కలిపి గాయం నిండా మెత్తేడు నూకయ్య. గోనెగుడ్డ చుట్టి వదులుగా కట్టేడు. "నాలుగైదు నెలలు దీని జోలికి పోమాకండి. గిల్లమాకండి. గిల్లితే అదే గాయమవుద్ది" అని మా ఇద్దరికీ మరీ మరీ చెప్పేడు. కత్తికి పసుపునీళ్లు పోసిస్తానని మా ఆవిడంటే, "ఎందుకండీ, ఇప్పుడే శుద్ధైంది కదా" అని తీసుకుని వెళ్లిపోయేడు.

శ్రావణంలో ఆకు రాలింది. భాద్రపదంలో ఇంకా రాలింది. వినాయకచవితికి పత్రి కోసుకోడానికి వచ్చిన ఎదురింటి పాపాయమ్మగారు, "పాపం పోయినట్టేనమ్మా" అని ఓదార్చి వెళ్లింది. గోనెగుడ్డ కుళ్లి దానంతటదే ఊడిపోయింది. మా ఆవిడ దొడ్లోకి వెళ్లినా అటు చూడటం మానేసింది. "బతికితే బతుకుతుంది, లేకపోతే లేదు. నాకేం ఆశ లేదు" అంది ఒకసారి. నేనూ అలాగే అన్నాను. ఇద్దరం అంత నిబ్బరంగా ఉన్నందుకు నాకే ఆశ్చర్యం వేసింది.

అబద్ధం ఎందుకు, నేను రోజూ వెళ్లేవాణ్ణి. పొద్దున్నే సంధ్యావందనానికి కాలవకి వెళ్లొస్తూ, మా ఆవిడ పెరుగు చిలికే వేళ చూసి పెరటి వైపునించి వచ్చేవాణ్ణి. తాడు మచ్చకి కింద, మొదట్లో, ఎవరికీ కనపడనిచోట గోటితో ఒక్క గిల్లు గిల్లేవాణ్ణి. ఏమీ వచ్చేది కాదు. నూకయ్య వద్దన్నాడని తెలుసు. గిల్లకుండా ఉండలేకపోయేను.

మార్గశిరంలో ఒకరోజు మంచు విడి ఎండ పడ్డాక వెళ్లేను. నూకయ్య అప్పటికే మా కొబ్బరిచెట్టు మీద ఉన్నాడు, మట్టల్లో చప్పుడౌతోంది. వంగి, గిల్లడానికి చోటు వెతుక్కుంటూ నా పాత గాట్లు లెక్కపెట్టేను. నావి అన్ని ఉండకూడదు. బాగా చూసేను. నా గోరు వెడల్పు. వాటి పక్కనే, వాటికన్నా సన్నగా, నెలవంకల్లాగా ఇంకో వరస ఉంది. అన్నీ ఒకనాటివి కావు. కొన్ని మానిపోయేయి, కొన్ని నిన్నటివి.

వెనక గాజుల చప్పుడైంది. మా ఆవిడ చేతిలో చీపురు పట్టుకుని నిలబడింది.

"ఏం చేస్తున్నారు?"

"సంధ్యావందనం."

"పనస మొదట్లోనా?"

"నువ్వు?"

"తుడుస్తున్నాను." అక్కడ తుడవడానికేం లేదు.

నేను పక్కకి జరిగి సన్నగాట్లు చూపించేను. ఆవిడ మొహం ఎర్రబడింది. దొంగతనం పట్టుబడ్డ పిల్లలా తల దించుకుంది. "మీరు చూస్తే బాధపడతారని..." అంది. "నేనూ అందుకే" అన్నాను. నాకు నవ్వొచ్చింది.

"ఇద్దరం గిల్లి గిల్లి చంపేసుంటాం దీన్ని" అంది ఆవిడ.

"ఇవాళ ఇంకొక్కసారి. నువ్వే గిల్లు."

చీపురు పక్కన పెట్టి కూచుంది. మచ్చకి బెత్తెడు కింద గోరు ఆనించింది. ఆనించి కాసేపు అలాగే ఉంది, భయంతో. తరవాత నొక్కింది.

ముందు ఏమీ లేదు. గోటిగాటు తడిసింది. ఆ తడి తెల్లబడింది. తెల్లటి బొట్టు ఒకటి మెల్లిగా ఉబికి, గింజంత అయి, నిలబడింది.

దూడ మూతి తగిలేక ఆవు పొదుగులోకి పాలు దించితే మేం "చేపింది" అంటాం. పాలిచ్చే ప్రాణికి తప్ప దేనికీ అనం. మా ఆవిడ ఆ బొట్టుని వేలితో తీసుకుని నా వైపు చూసి, "చేపిందండీ" అంది. ఇంకోసారి అంది. మూడోసారి అనబోయి, భోరుమంది.

కనకం పోయినప్పుడు ఆవిడ ఏడవలేదు. తరవాత పదేళ్లు ఏడవలేదు. ఇప్పుడు వీధి వీధంతా వినపడేలాగా, పేరు పెట్టి పిలుస్తూ ఏడుస్తోంది. పెరట్లో, పట్టపగలు, ఒంటిమీద ఉత్తరీయం జారిపోయి, నేను ఆవిణ్ణి రెండు చేతులా పట్టుకుని కూచున్నాను. మా అగ్రహారంలో మొగవాడు అలా కూచోగా ఎవరూ చూడలేదు. ఎవరేమనుకుంటారోనని నాకొక్క క్షణం తోచింది. తరవాత నేనూ పేరు పెట్టి పిలిచేను, కనకమహాలక్ష్మీ అని, పూర్తిగా, పొడుగ్గా.

పైన కొబ్బరిచెట్టు మీద నరకడం ఆగిపోయింది. నూకయ్య కిందకి దిగలేదు, దగ్గలేదు. మేం లేచి లోపలికి వెళ్లేదాకా ఆ మట్టల మధ్య అలాగే మోకుమీద ఆనుకుని ఉండిపోయేడు. ఆ తరవాతే మొదటి గెల కింద పడ్డ చప్పుడు వినపడింది.